పాపక్క పంచిన అక్షరాలు

ఏమే అమ్మణ్ణీ, కాళ్ళు కడుక్కోనే వచ్చినావు కదా లోపలికి? సరి. మెల్లగా రా. పురుగులు జ్వరంలో ఉండాయి. నవ్వుతాండావా? నువ్వు ధర్మపురి టౌన్లో పెరిగిన బిడ్డవి, నీకేమి తెలుస్తుంది. పట్టుపురుగు పొర విడిచే ముందర ఆకు తినదు, కదలదు, తల ఎత్తుకోని అట్లనే ఉంటుంది. దాన్నే మేము జ్వరం అనేది. అది సరే, చేతిలో ఏమది, పండ్లు తోముకునే పుల్ల మాదిరి? కలమా? వెదురు కలం! ఏదీ, ఇట్లియ్యి చూస్తా. ముక్కు ఏటవాలుగా చెక్కినారే. శనివారం శనివారం వగుప్పు, అదే క్లాసు, పెడతాండావా నువ్వు, అక్షరాలు అందంగా రాసేది నేర్పించేదానికి? దానికి ఏందో ఇంగ్లీషు పేరు చెప్పితివే... కాలిగ్రఫీ. నా నోట్లో పట్టదులే అది. ఎవురు వస్తారు, కాలేజీ పిల్లోళ్ళా? ఊఁ. నీ మింద నవ్వలేదే, కోపం చేసుకోగాకు. నీ పుల్లను చూస్తానే మీ అవ్వ వచ్చి కండ్ల ముందర నిలబడింది. పాపక్క. ఆయమ్మ పోయినప్పుడు నువ్వు పాలు తాగే బిడ్డవి, నీకేమి గ్యాపకం ఉంటుంది. ఇదో, నువ్వు కూర్చున్న ఈడనే, ఈ షెడ్డులోనే మీ అవ్వ పెట్టింది వగుప్పు, నువ్వు పుట్టక ముందే! పట్టుపురుగుల షెడ్డులో అక్షరాల వగుప్పు! ఇండూరులో ఎవురినైనా అడుగు, చెప్తారు. చెప్తారులే, తలా తోకా లేకుండా చెప్తారు. ఈ తిమ్మరాయన్ తాత చెప్తాడు, విను.

ఇదంతా మొదలైంది మీ నాయన నిశ్చయం నాడు. మీ అమ్మ మోహనప్రియది కుప్పం పక్కం కదా. రెండువేల నాలుగో ఐదో, ఏదో ఒకటి. ఆ ఏడు చింతకాయ కొమ్మలు విరిగేటట్టు కాసింది, అది మాత్రం గ్యాపకం ఉండాది. వాళ్ళు వాను కట్టుకోని వచ్చినారు, మనోళ్ళు పాయసం పెట్టినారు, అంతా బాగుండాది. అప్పుడు మీ అమ్మకు పెదనాయన, వాళ్ళ పెద్దాయన, లగ్నపత్రిక తీసి పసుపు పూసి మీ చిన్నతాత కాళియన్ చేతికి ఇచ్చినాడు. కాళియన్ అంటే పాపక్కకు మరిది. 'మగపెండ్లోళ్ళే గట్టిగా చదవల, అది మా పక్కం మామూలు' అన్నాడు పెద్దాయన. తెలుగులో ఉండాది అమ్మణ్ణీ! మనమేమో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది అరవం. కాళియన్ దాన్ని దగ్గర పెట్టుకోని చూసినాడు, ఎడం పెట్టుకోని చూసినాడు, 'కండ్లద్దం మార్చల' అని మీ నాయన చేతికి ఇచ్చినాడు. మీ నాయన నా చేతికి ఇచ్చినాడు. నేను నా పక్కనుండే వాడి చేతికి. తాంబూలం తట్ట మాదిరి పందిట్లో ఒక సుట్టు తిరిగి, మళ్ళా పెద్దాయన చేతికే పోయి చేరింది. ఆయప్ప మంచి మనిషి, ఆయనే చదివేసినాడు. కానీ వాళ్ళతో ఒక ముసలమ్మ వచ్చిండె, పెద్దాయనకు చెల్లెలు. ఆయమ్మకు నోరు ఊరకుండదు. 'ఏందమ్మా, నోటికి తెలుగుంది, కంటికి తెలుగు లేదా మీకు?' అనె. పందిరంతా ఒకటే నవ్వు. మేమూ నవ్వినాము, ఇంకేమి చేస్తాము. మీ అవ్వ నవ్వలేదు. మీ అవ్వకు ఎండుమిరక్కాయ కొరికినట్ల మొకం ఎర్రబడింది. ముసలమ్మ దగ్గిరికి పోయి, రొంబ మర్యాదగా, 'పెండ్లికి రాండి వదినా. మీరు వాను దిగేటప్పటికి మా ఇంటి గోడ మిమ్మల్ని తెలుగులో పిలుస్తుంది' అనేసింది. అనేసిందే! కుండలో అక్షరం ముక్క లేదు, విందుకు పిలిచేసింది.

అప్పుడు ఊరూరికీ ఆడోళ్ళ కుళు ఉండె, నీకు తెలుసు కదా, సంగం. కుళులో ఏదో ఒకటి నేర్పిస్తా ఉంటారు. ఒకసారి వైరు బుట్ట అల్లేది, ఒకసారి కొవ్వొత్తి పోసేది. ఆ పక్క మాసం ధర్మపురి నుంచి బోర్డులు రాసే జయరామను పిలిపించినారు. సన్నగా చెరుకుగడ మాదిరి ఉంటాడు, చొక్కాలో రంగు పడని చోటు లేదు. బోర్డు మింద, గోడ మింద అక్షరాలు అందంగా రాసేది నేర్పిస్తాడంట. ఆడోళ్ళు టీకీ బన్నుకూ వచ్చినారు, నిజం చెప్పల్నంటే. ఆయప్ప అరవం అక్షరాలు రాసి చూపిస్తాండాడు, పూల తీగ మాదిరి తిప్పి తిప్పి. మీ అవ్వ లేచి నిలబడింది. 'జయరామా, అరవం సరేప్పా. మన అక్షరాలు వస్తాయా నీకు?' ఆయప్ప బ్రష్షు దించినాడు. 'వస్తాయక్కా. మా ఇంట్లోనూ తెలుగే. నల్లంపల్లి రోడ్డు మింద లారీ షెడ్డులో ఉన్నప్పుడు ఆంధ్రా లారీలకంతా రాసింది నేనే కదా.' 'మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?' 'ఎవురూ అడగలేదక్కా' అన్నాడు. 'అట్లయితే ఇప్పుడు నేను అడుగుతాండా' అనింది మీ అవ్వ. అంతే, అయిపోయింది, టీ ఎవురూ తాగలేదు, బన్ను మాత్రం తిన్నాము. ఆఁ, నేనూ ఉన్నా. ఆడోళ్ళ కుళులో నాకేమి పని అంటావా? చుమ్మా, ఊరికే పోయినా. తప్పా?

షెడ్డులో ఒక పంట గూళ్ళు అమ్మేసి ఇంకో పంట పురుగులు తెచ్చేలోపల కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు ఆదివారం ఆదివారం ఈడ వగుప్పు. పురుగుల తట్టలు బోర్లించి వాటి మింద కాయితాలు పరిచినారు. పురుగులు లేకపోయినా మీ అవ్వ వాకిట్లో సున్నం నీళ్ళు పెట్టేసింది! అక్షరం నేర్చుకోవాల్నన్నా కాళ్ళు కడుక్కోనే రావల. జయరామ నవ్వినాడు, 'అక్షరాలకు రోగం వస్తుందా అక్కా?' అని. 'ఏమో, ఎవురికి తెలుసు, కడుక్కో' అనింది. ఆయప్ప కూడా కడుక్కున్నాడు. మల్బరీ ఆకు కోసేదానికి వచ్చే, ఊరి బయట కాలనీ ఆడోళ్ళు ఉన్నారే, చిన్నపొన్నూ వాళ్ళూ, వాళ్ళు వాకిట్లోనే నిలబడిపోయినారు. పొలంలో కలిసి పనిచేస్తాము, ఇంట్లోకి రారు, అది అప్పటి వరస. ఇప్పుడు మాత్రం పూర్తిగా పోయిందా అని అడగగాకు. మీ అవ్వ కేక పెట్టింది. 'చిన్నపొన్నూ, నీళ్ళు ఉండాయి, కడుక్కోని లోపలికి రా. మీ ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే, ఇద్దరికీ అక్షరం రాదు. నీకేమి ఎచ్చు, నాకేమి తక్కువ?' చిన్నపొన్ను వచ్చింది, ఆమె వెనకాల ఇంకా వచ్చినారు. ఎవురూ ఏమీ అనలేదు. అనేవాళ్ళు బయట అనుకున్నారు. కాళియన్ అనుకున్నాడు.

జయరామ కరక్కాయలు కొట్టి తుప్పు మొలలేసి నానబెట్టి మసి చేసినాడు, రాసే ఇంకు. రాసినప్పుడు అది టీ నీళ్ళ మాదిరి ఉంటుంది, ఆరేకొద్దీ నల్లబడుతుంది. తీర్థమలై కొండ కరక్కాయలు, బలే మసి, చేతికి అంటితే వారమైనా పోదు. రెండు ఆదివారాలు పోయినాయి. ఒక్కరికీ ఏదీ నిలబడలేదు. అ రాస్తే జిలేబీ, ఆ రాస్తే ఇంకో జిలేబీ. పెండ్లి దగ్గిరికి వస్తాంది. మీ అవ్వ ఒక దినం అంతా ఆలోచన చేసి, పక్క ఆదివారం వస్తానే చెప్పింది: 'గుడ్లు పంచుకున్నట్ల పంచుకుందాము.' పురుగు గుడ్లు తెస్తే ఒకే ఇంట్లో అన్నీ పెట్టరు అమ్మణ్ణీ, రోగం వస్తే అన్నీ పోతాయి. ఇంటికి కొన్ని పంచి ఎవురి గుడ్లు వాళ్ళు సాకుతారు. అక్షరాలూ అట్లనే! ఇంటికి ఒక అక్షరం. ఎవురి అక్షరం వాళ్ళది. పొద్దున లేస్తానే రాయల, ఆకు కోసేటప్పుడు మట్టి మింద రాయల, బాగా సాకల. ఒకరి అక్షరం ఇంకొకరు ముట్టరాదు. జయరామకు కోపం వచ్చేసింది. 'ఇది ఏమి చదువక్కా? ఒక్క అక్షరం పెట్టుకోని ఏమి చేస్తారు?' 'అందరూ వస్తే పేరవుతుంది' అనింది మీ అవ్వ. 'నేను అన్నీ నేర్చుకుంటా, ఎవురు మర్చిపోతే వాళ్ళకు చెప్తా. నువ్వు నాకు చెప్పు.' ఇంక ఆయమ్మతో ఎవురు గెలుస్తారు.

నాకు ఏది వచ్చిందనుకున్నావు? న! చూడు, చూడు, ఈ దుమ్ములో రాస్తా. ఇదో. ఎట్ల ఉండాది? వయసైపోయినా చెయ్యి వణకలేదు చూడు. దీనికి పైన తలకట్టు ఉందే, మీ అవ్వ దాన్ని పురుగు తలెత్తింది అనేది. 'తిమ్మరాయా, నీ పురుగు తల వంచుకోనుండాది, ఎత్తించు' అనేది. చిన్నపొన్నుకు హ ఇచ్చింది. అది రొంబ మెలికలు, ఎవురూ తీసుకోలేదు, ఆమె తీసుకునింది. ఆకు కోసి కోసి మణికట్టు అట్ల తిరుగుతుంది ఆమెకు, ఒక ఊపులో వేసేస్తుంది. రాసాత్తికి క వచ్చింది. రాసాత్తిని తెలుసు కదా, మూల ఇల్లు, ఇప్పుడు చెవుడు. అప్పుడు నోరు తెరిస్తే ఊరు మొత్తం వినాల. గోడ మింద రాసేది మీ నాయన పేరూ మీ అమ్మ పేరూ అని తెలిసింది. జయరామ రెండు పేర్లూ రాసి చూపిస్తే రాసాత్తి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతుక్కునింది. 'పాపక్కా, నా క ఏదీ? ఈ పెండ్లిలో నా క లేనే లేదే! ఇంతసేపూ చేతులు నల్లగా చేసుకోని నేను సాకింది ఎందుకు?' అని ఒకటే గలాట. మీ అవ్వ 'ఉండే రాసాత్తీ, నీ పూట వస్తుంది' అనింది. అప్పుడు అందరమూ నవ్వినాము.

మీ అవ్వ తనకు ఏది పెట్టుకునింది అంటావా? ప. దాన్ని ఎవురికీ ఇయ్యలేదు. తన పేరులో ఉంది కదా, అందుకే అనుకున్నాము. ఇంక పెండ్లి వచ్చేసింది. కుప్పమోళ్ళు పొద్దున్నే బయల్దేరి ఎండ ఎక్కేటప్పటికి వస్తారు. గోడకు ఎర్రమన్ను ముందునాడే పూసినాము, పూసినాక వాన పడింది! ఎంత గోరం. తెల్లారి చూస్తే గోడ పచ్చిపచ్చిగా ఉండాది, సున్నం పెడితే జారిపోతుంది. మీ తాత మాట్లాడే మనిషి కాదు, ఆయన కూడా తోటలో నీళ్ళు కట్టేది విడిచిపెట్టి వచ్చి గోడకు విసనకర్రతో విసురుతాండాడు! ఇంత గోడకు ఇంత విసనకర్ర! మనిషి కనపడితే చాలు, విసరమంటాండారు. ఎట్లనో ఆరింది. జయరామ దారం పట్టి గీత కొట్టినాడు. ఈతమట్టలు చితకగొట్టి చేసిన బ్రష్షులు, కుండలో సున్నం. పైన మీ నాయన పేరు, కింద మీ అమ్మ పేరు. పిలువు, రాయి, జరుగు! పిలువు, రాయి, జరుగు! నా న రాసేటప్పుడు పెండ్లికొడుకు నేనే అన్నట్ల నిలబడినా అమ్మణ్ణీ.

కింద పేరులో మో అయింది. తరవాత హ. 'చిన్నపొన్నూ' అని పిలిచింది మీ అవ్వ. ఎవురూ రాలేదు. 'చిన్నపొన్ను యాడ?' అప్పుడు కాళియన్ ముందరికి వచ్చినాడు. 'నేనే పంపించేసినా వదినా. భోజనాలప్పుడు రమ్మని చెప్పినా. షెడ్డులో నువ్వు ఏమైనా చేసుకో, ఇది పెండ్లి గోడ. చుట్టాలు చూస్తే ఏమంటారు? ఆ ఒక్క అక్షరం నువ్వు రాసెయ్, నీకు అన్నీ వస్తాయి కదా.' వచ్చును! మీ అవ్వకు అన్నీ వచ్చును. బ్రష్షు చేతిలోనే ఉండాది. సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది, వాను ధర్మపురి దాటిందని. రాసెయ్యక్కా, ఒక గీత, అంతే కదా, అని నా నోటి దాకా వచ్చింది. మీ అవ్వ చెప్పింది, 'మిగిలినవి రాయండి, ఆ చోటు విడిచిపెట్టండి. అది చిన్నపొన్ను సాకిన అక్షరం. నేను ముట్టను.' కాళియన్ అడిగినాడు, 'అట్లయితే కోడలి పేరు మధ్యలో చిల్లి పెట్టుకోని నిలబడతావా, వాళ్ళ ముందర?' 'నిలబడతా' అనింది. తన ప్రి రాసేసి, సున్నం కుండ నడుముకు ఎత్తుకోని, పట్టుచీర కట్టుకోనే కాలనీ పక్కం నడిచేసింది. నడిచేది ఏమి, పరిగెత్తింది!

ఇద్దరూ ఎట్ల వచ్చినారో చూడల నువ్వు. ముందర మీ అవ్వ, వెనకాల చిన్నపొన్ను, ఏడ్చి ఏడ్చి మొకం ఉబ్బిపోయి, 'వద్దమ్మా, వద్దమ్మా' అంటా. వాకిట్లో చుట్టాలంతా నిలబడినారు. మీ అవ్వ కుండ దించి, చెంబు ఎత్తుకోని, వంగి, చిన్నపొన్ను కాళ్ళకు తన చేత్తో నీళ్ళు పోసింది! షెడ్డు వాకిట్లో పోసుకున్నట్ల! అందరూ చూస్తాండగానే! పోసి, 'ఇంక రా, రాయి' అనింది. చిన్నపొన్ను కండ్లు తుడుచుకోని బ్రష్షు ఎత్తింది. ఆ చెయ్యి తిరిగింది చూడు, ఒకే ఊపు. ఆమె రాసి బ్రష్షు తీసేది, వాను వచ్చి నిలబడేది, రెండూ ఒకటే సారి.

సున్నం సంగతి తెలుసు కదా. తడిగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. వాళ్ళు వాను దిగి చూస్తే పైన మీ నాయన పేరు మల్లెపూవు మాదిరి తెల్లగా ఉండాది, కింద మీ అమ్మ పేరులో మధ్యన ఖాళీ! ఆ ముసలమ్మ, ఇంకెవురు, నడుము మింద చెయ్యి పెట్టుకోని, 'ఏందమ్మా వదినా, మా పిల్ల పేరులో ఒక పన్ను ఊడింది' అనె. కాళియన్ పందిరి గుంజ చాటుకు పోయినాడు. మీ అవ్వ రొంబ నిదానంగా, 'మజ్జిగ తాగండి వదినా. అది ఇంకా జ్వరంలో ఉంది, లేస్తుంది' అనింది. వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. మజ్జిగ తాగతాండారు, గోడ పక్కమే చూస్తాండారు. ఎండ తిన్నగా గోడ మిందికి వచ్చింది. ముందు పైన తలకట్టు, తరవాత ఆ మెలిక, అప్పురం కింది వంపు... వచ్చేసింది! ఎర్రమన్ను మింద తెల్లగా, దానంతట అదే రాసుకున్నట్ల! పిల్లోళ్ళు విజిల్ వేసినారు. పెద్దాయన మజ్జిగ లోటా కింద పెట్టి, ఊరంతా వినపడేటట్టు చదివినాడు, 'ధర్మేంద్ర! మోహనప్రియ!' మీ అమ్మ వానులోనే ఉండె, తల వంచుకోని నవ్వుకునింది. నేను చూసినా.

'ఎవురు రాసినారమ్మా ఇది?' అన్నాడు పెద్దాయన. మీ అవ్వ ఒక్కొక్క అక్షరం చూపించి ఒక్కొక్కరిని పిలిచి వరసగా నిలబెట్టింది. నన్ను న కింద, చిన్నపొన్నును నా పక్కన, హ కింద. పెద్దాయన అందరికీ దండం పెట్టుకుంటా వచ్చినాడు, వచ్చి గుంజ చాటునుండే కాళియన్‌ను చూసి, తెలీకనే, మంచితనంగానే అడిగినాడు, 'బావగారూ, మీది ఏ అక్షరం?' అయ్యో, ఆ మొకం చూడల నువ్వు! నోట్లో తమలపాకు నోట్లోనే ఉండిపోయింది. పెండ్లి అయిన పక్క ఆదివారం ఆయప్ప వచ్చి సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కోని, చిన్నపొన్నుకు వెనకాల వరసలో కూర్చున్నాడు. మీ అవ్వ ళ ఇచ్చింది. ఏమి చెప్పేది, చచ్చేదాకా దాన్ని దిద్దుతానే ఉండె.

తరవాత ఆ వగుప్పు ఎంత దూరం పోయిందనుకున్నావు! జయరామా మీ అవ్వా కలిసి నల్లంపల్లికి పోయినారు, తీర్థమలై దిగువనుండే పల్లెలకు పోయినారు, పోయిన చోటంతా ఇంటికి ఒక అక్షరం పంచిపెట్టి వచ్చినారు. మీ అమ్మ అయితే, 'అన్నీ నేర్పించు అత్తా, చదివేది కూడా నేర్పించు' అని ఒకటే పోరు. నువ్వు ఇప్పుడు అన్నీ నేర్పిస్తాండావు కదా, అది మీ అమ్మ బుద్ధి. మంచిదే. నాకు మాత్రం న చాలు.

మీ అవ్వ పోయినప్పుడు... పెద్దకర్మ నాడు గోడకు ఎర్రమన్ను పూసినారు. ఎవురూ చెప్పలేదు, వాళ్ళే పూసినారు. పాపక్క అని పేరు రాయల. రాసాత్తి వచ్చింది. ఏమీ అరవలేదు ఆ దినం. వచ్చి, కొసలో తన క రాసింది, దాని కింద ఒత్తు పెట్టింది. 'నా పూట వస్తుంది అనిందే' అని ఆడనే కూలబడిపోయింది. ముందర ఖాళీ. ప ఎవురి దగ్గిరా లేదు. మీ అమ్మకు వచ్చును, బ్రష్షు ఎత్తి, మళ్ళా కుండలోనే పెట్టేసింది. అప్పుడు చిన్నపొన్ను లేచింది. 'నాకు ఇచ్చి పోయింది' అనింది. కడపటి దినాల్లో చూసేదానికి పోతే, మీ అవ్వ మాట రాక, ఈమె అరచెయ్యి పట్టుకోని వేలితో దిద్దించిందంట, మళ్ళా మళ్ళా. ఎప్పుడూ అమ్మా అమ్మా అని పిలిచే మనిషి, ఆ దినం 'అక్క ఇచ్చింది' అనింది. రాసింది. తడి సున్నం, ఏమీ కనపడలేదు. మేమంతా గోడకు ఎదురుగా మట్టిలో కూర్చున్నాము, ఎండ వచ్చేదాకా.

...

ఏమే, పురుగులు లేచినాయి చూడు. అన్నీ ఆకు కోసం వెతుక్కుంటాండాయి. ఆ కలం అట్ల పెట్టు. లెయ్, ఆ ఆకు తట్ట ఎత్తుకో.